ఒక్కరు లేకపోతే జట్టు ఎక్కడ ఆగుతుంది: ఫాంటసీ ఆన్‌లైన్ ఆటల్లో పాత్రలు, వ్యవస్థల రూపకల్పన

ఫాంటసీ ఆన్‌లైన్ ఆట తయారు చేయాలనుకునేవారిలో చాలామంది ముందుగా ఒక జాబితా రాసుకుంటారు: యోధుడు, మాంత్రికుడు, విలుకాడు, పూజారి. ఒక్కొక్కరికి ఒక పూర్వకథ, ఒక వేషం, పదిహేనో ఇరవయ్యో మంత్రాలు. బొమ్మలు కూడా ముచ్చటగా సిద్ధమవుతాయి. తీరా నలుగురు ఆటగాళ్లను కలిపి గుహలోకి పంపితే నలుగురూ రాక్షసుడి చుట్టూ చేరి బాదుతూ ఉంటారు. వేషాలు నాలుగు, పాత్ర మాత్రం ఒక్కటే.

పాత్ర అంటే తోటి ఆటగాళ్లకు మీతో ఉన్న అవసరం. దాన్ని తేల్చే ప్రశ్న ఇది: ఈ ఆటగాడు ఈ రోజు రాకపోతే మిగతావాళ్లు సరిగ్గా ఏ చోట ఆగిపోతారు? 1999 మార్చిలో వచ్చిన ఎవర్‌క్వెస్ట్‌లో ఈ ప్రశ్నకు జవాబు చాలా స్పష్టంగా ఉండేది. వారియర్ లేకపోతే దెబ్బలు కాచేవారు లేరు. క్లెరిక్ లేకపోతే ఆ దెబ్బలు మాన్పేవారు లేరు. ఎన్‌చాంటర్ లేకపోతే, ఒక శత్రువును కదిలించినప్పుడు వెంటబడి వచ్చే మరో ముగ్గురిని నిద్రపుచ్చేవారు లేరు. ఆ ఆటలో జట్టుకు తప్పనిసరి త్రయం అంటే ఈ ముగ్గురే. ఇప్పుడు అందరూ చెప్పుకునే ట్యాంక్ (దెబ్బలు కాచేవారు), హీలర్ (ప్రాణం పోసేవారు), డీపీఎస్ (శత్రువును కొట్టేవారు) అనే లెక్క తర్వాత స్థిరపడింది. శత్రువును కొట్టడం అందరూ ఎంతో కొంత చేసే పనే కాబట్టి మొదట్లో దాన్ని కీలక పాత్రగా ఎవరూ లెక్కపెట్టలేదు.

ఈ మార్గదర్శి చిన్న బృందాల కోసం. కథ, బొమ్మలు, సంగీతం జోలికి పోను. ఎవరి అవసరం ఎవరికి, దాన్ని ఏ అంకె పుట్టిస్తుంది అన్నదే ఇక్కడి విషయం.

మొదటి అడుగు: తలలు లెక్కపెట్టండి

పాత్రల పేర్లకంటే ముందు జట్టులో ఎంతమంది, ఏ పాత్రకు ఎందరు అన్నది తేల్చుకోవాలి. ఇది చాలామంది చివరికి వదిలేసే పని. ఆట విడుదలయ్యాక మార్చడం అన్నిటికంటే కష్టమైనదీ ఇదే.

అయిదుగురి జట్టులో ఒక ట్యాంక్, ఒక హీలర్, ముగ్గురు డీపీఎస్ అనుకుందాం. ఒక సాయంత్రం వెయ్యి మంది జట్ల కోసం వరుసలో నిలబడ్డారు. వారిలో ట్యాంకులు 80, హీలర్లు 150, డీపీఎస్ 770. ట్యాంకులు 80 మందే కాబట్టి 80 జట్లే తయారవుతాయి. ఆటలోకి వెళ్లేది 400 మంది, బయట ఎదురుచూసేది 600 మంది. సరే, జట్టు చిన్నదైతే త్వరగా కుదురుతుందని నలుగురికి తగ్గిస్తారు: ఒక ట్యాంక్, ఒక హీలర్, ఇద్దరు డీపీఎస్. అప్పుడు లోపలికి వెళ్లేది 320 మందే! జట్టు చిన్నదయ్యేకొద్దీ వందమందికి కావలసిన ట్యాంకుల సంఖ్య పెరుగుతుంది. అదే ఎనిమిది మంది జట్టులో ఒక ట్యాంక్, ఇద్దరు హీలర్లు, అయిదుగురు డీపీఎస్ పెట్టి చూడండి. హీలర్ల లెక్కన 75 జట్లు అవుతాయి, 600 మంది ఆడతారు. ఫైనల్ ఫాంటసీ 14లో 24 మంది కలిసి చేసే దాడుల్లో ఒక్కో జట్టుకు సరిగ్గా ఈ ఒకటి, రెండు, అయిదు లెక్కే ఉంటుంది. అదే ఆటలో నలుగురి జట్టుకు ఒకటి, ఒకటి, రెండు.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌కు ఈ లెక్క తెచ్చిన తిప్పలు తక్కువేమీ కావు. 2004 నవంబరులో ఆట వచ్చినప్పుడు చిన్న గుహలకు అయిదుగురు, పెద్ద దాడులకు నలభై మంది. నలభై మందిని ఎనిమిది చిన్న జట్లుగా విడదీస్తే ఎనిమిది మంది ట్యాంకులు కావాలి. అందరూ కలిసి ఒకే రాక్షసుడి మీదికి వెళ్తే కొద్దిమంది చాలు, మిగిలిన ట్యాంకులు ఊరికే ఉండాలి. 2009 డిసెంబరులో జట్లను తనంతట తానే కూర్చే డంజన్ ఫైండర్ వచ్చాక కొరత అంకెల్లో కనిపించసాగింది: డీపీఎస్‌కు చాలాసేపు నిరీక్షణ, ట్యాంక్‌కు వెంటనే పిలుపు. 2011 ఏప్రిల్‌లో, ఆ సమయానికి ఏ పాత్రకు కొరత ఉంటే ఆ పాత్రలో చేరినవారికి అదనపు బహుమతి ఇచ్చే పద్ధతి తెచ్చారు. అలాంటి బహుమతి పెట్టండి, తప్పు లేదు. అయితే అది మందు కాదు, నొప్పి తెలియకుండా చేసేది మాత్రమే. ట్యాంక్‌గా ఆడటం ఎందుకు భయమో కనుక్కోండి. సాధారణంగా కారణం ఒకటే: ట్యాంక్ తప్పు చేస్తే అందరికీ కనిపిస్తుంది, డీపీఎస్ తప్పు ఎవరికీ కనిపించదు. దారి చూపే బాధ్యతను, దెబ్బలు కాచే బాధ్యతను ఒకే వ్యక్తి మీద పెట్టకుండా విడదీస్తే ఆ భయం సగం పోతుంది.

రెండో అడుగు: ప్రమాదాలను ముందు రాయండి

ఒక కాగితం మీద ఆటలో జట్టును చంపగలిగేవన్నీ రాయండి. శత్రువు బలహీనుణ్ని ఎంచుకుని కొట్టడం. కొద్దికొద్దిగా ఆగకుండా ప్రాణం తగ్గడం. ఒక్క దెబ్బతో సగం ప్రాణం పోవడం. శత్రువుల సంఖ్య ఎక్కువ కావడం. గడువులోగా చంపకపోతే శత్రువు ఉగ్రరూపం దాల్చడం. నిలబడిన నేలే కాలిపోవడం. ఇప్పుడు ఒక్కో ప్రమాదం పక్కన దాన్ని ఆపేది ఎవరో రాయండి. ఎవరి పేరూ రాయలేని ప్రమాదం వట్టి శిక్ష. ఏ ప్రమాదం పక్కనా పేరు లేని పాత్ర వట్టి అలంకారం.

ఒక ప్రమాదాన్ని ఇద్దరు ఆపగలగడం మంచిదే, పద్ధతులు వేరైతే. శత్రువుల గుంపును మాంత్రికుడు నిద్రపుచ్చి ఆపవచ్చు, విలుకాడు వాళ్లను తన వెంట పరుగెత్తించుకుని ఆపవచ్చు. ఇద్దరూ ఒకే మంత్రాన్ని వేరే రంగులో వేస్తే మాత్రం ఒకరిని తీసేయండి.

మూడో అడుగు: కాలాన్ని కొలవండి

పాత్ర వివరణలో మీరు రాసే మాటలకంటే ఆ పాత్ర చేసే పనికి పట్టే సెకన్లే దాని స్వభావాన్ని ఎక్కువగా నిర్ణయిస్తాయి. ఎవర్‌క్వెస్ట్ క్లెరిక్‌కు కంప్లీట్ హీల్ అనే మంత్రం ఉండేది. వేయడానికి 10 సెకన్లు. వేస్తే ట్యాంక్ ప్రాణం దాదాపు నిండిపోయేది. పెద్ద రాక్షసులు 10 సెకన్లలో ట్యాంక్‌ను చంపేసేవారు. అందుకని గిల్డులు (కలిసి ఆడే ఆటగాళ్ల సంఘాలు) క్లెరిక్‌లను వరుసలో పెట్టి నంబర్లు ఇచ్చాయి. మొదటి క్లెరిక్ మొదలుపెట్టిన కొన్ని సెకన్లకు రెండో క్లెరిక్, ఆ తర్వాత మూడో క్లెరిక్. తన వంతు రాగానే నంబరు ప్రకటించి మీట నొక్కాలి. ఒకరు ఏమరితే ట్యాంక్ చచ్చేవాడు. ఆట తయారీదారులు ఎక్కడా ‘వరుసలో నిలబడండి’ అని రాయలేదు. 10 అనే అంకె ఆ క్రమశిక్షణను పుట్టించింది. నాకు ఆన్‌లైన్ ఆటల చరిత్రలో ఇంతకంటే మంచి రూపకల్పన పాఠం కనబడలేదు, అది అనుకోకుండా కుదిరినదే అయినా.

కాబట్టి ప్రతి పాత్రకు మూడు కాలాల్లో పని ఉండేలా చూడండి. ఒకటి, క్షణక్షణం చేసే పని: వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో ఒక మీటకూ మరో మీటకూ మధ్య ఎడం మామూలుగా 1.5 సెకన్లు, ఫైనల్ ఫాంటసీ 14లో 2.5 సెకన్లు. రెండో ఆట అందుకే నిదానంగా మొదలైనట్టు అనిపిస్తుంది. ఆ ఖాళీలో చిన్న మంత్రాలను ఇరికించడమే అక్కడి నేర్పు. రెండు, అర నిమిషానికో నిమిషానికో ఒకసారి వచ్చే నిర్ణయం. మూడు, పోరు మొత్తంలో ఒకటి రెండుసార్లు మాత్రమే దొరికే అవకాశం. మూడోది లేని పాత్రను ఆడేవారికి యుద్ధం ముగిశాక చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

ఇక్కడే మన ఆటగాళ్లకు సంబంధించిన మాట ఒకటి. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో సింగపూర్‌లోనో యూరప్‌లోనో ఉన్న సర్వర్‌లో ఆడేవారికి పింగ్ (సర్వర్‌కు సందేశం వెళ్లి రావడానికి పట్టే ఆలస్యం) ఎప్పుడూ నెత్తిమీదే ఉంటుంది. శత్రువు మంత్రాన్ని 0.3 సెకన్లలో అడ్డుకోవాలని మీరు రూపొందిస్తే, మనిషి చూసి మీట నొక్కడానికే దాదాపు 0.25 సెకన్లు పోతాయి. మిగిలిన కాస్తా తీగల్లో ప్రయాణానికి చాలదు. ఆ పాత్ర సర్వర్ పక్కన ఉన్నవారికి ఒక పాత్ర, మనకు మరో పాత్ర. కీలకమైన ప్రతిస్పందనలకు కనీసం ఒక సెకను ఇవ్వండి. కష్టాన్ని వేగంలో కాకుండా ఎంపికలో పెట్టండి.

నాలుగో అడుగు: శత్రువు ఎవరిని కొట్టాలి

ట్యాంక్ పాత్ర మొత్తం ఈ ఒక్క వ్యవస్థ మీద నిలబడి ఉంది. ఆటగాళ్లు దీన్ని ఎగ్రో అంటారు. ప్రతి శత్రువు దగ్గరా ఒక కక్ష పట్టిక ఉంటుంది, అందులో ప్రతి ఆటగాడి పేరు పక్కన ఒక అంకె.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ తొలి రోజుల లెక్క నేర్చుకోవడానికి తేలిక. ఒక పాయింటు దెబ్బ కొడితే ఒక పాయింటు కక్ష. ఒక పాయింటు ప్రాణం పోస్తే అర పాయింటు, అదీ పోరులో ఉన్న శత్రువులందరికీ సమానంగా పంచి. అంటే ముగ్గురు శత్రువులుండగా హీలర్ 600 ప్రాణం పోస్తే 300 కక్ష, ఒక్కో శత్రువుకు 100. వారియర్ రక్షణ భంగిమలో ఉంటే అతని కక్ష 1.3 రెట్లు. అన్నిటికంటే తెలివైన నియమం ఇది: ట్యాంక్‌ను ఒక్క పాయింటు దాటితే చాలదు, శత్రువు మీ వైపు తిరగాలంటే దగ్గరగా ఉన్నవారు 110 శాతం, దూరంగా ఉన్నవారు 130 శాతం దాటాలి. ట్యాంక్ దగ్గర 1000 ఉంటే కత్తివాడికి 1100 దాకా, విలుకాడికి 1300 దాకా వెసులుబాటు.

ఆ ఎడం లేకపోతే రాక్షసుడు సెకనుకోసారి అటూ ఇటూ తిరుగుతాడు, ట్యాంక్ చేతులు ఎత్తేస్తాడు. దూరంగా ఉన్నవారికి ఎక్కువ వెసులుబాటు ఎందుకంటే, రాక్షసుడు వాళ్ల దాకా పరుగెడితే జట్టు నిలబడిన తీరు మొత్తం చెదిరిపోతుంది.

మీరు రాసేటప్పుడు పట్టికను శత్రువు వారీగా ఉంచండి, జట్టు మొత్తానికి ఒకటి పెట్టకండి. ట్యాంక్ వేసే టాంట్ మంత్రం శత్రువును కాసేపు తన వైపు తిప్పడమే కాక, అప్పటికి పట్టికలో పైన ఉన్నవారి అంకెతో ట్యాంక్ అంకెను సమం చేయాలి. లేకపోతే మంత్రం ప్రభావం తీరగానే రాక్షసుడు వెనక్కి వెళ్లిపోతాడు. ఆటగాళ్లు ఆటగాళ్లతోనే తలపడే పోరులో ఈ వ్యవస్థ అంతా పనికిరాదు, మనిషికి కక్ష పట్టిక ఉండదు. అక్కడ ట్యాంక్‌కు వేరే పని కావాలి: దారికి అడ్డుగా నిలబడటం, పక్కవారి దెబ్బను తన మీదికి తీసుకోవడం, పారిపోయేవారి కాళ్లు పట్టి లాగడం. ఇవి లేకుండా రెండు రకాల పోరుకూ ఒకే ట్యాంక్‌ను పంపితే ఎదుటివాళ్లు అతన్ని చూడను కూడా చూడరు.

అయిదో అడుగు: శాతాల ఉచ్చు

కవచం ‘10 శాతం దెబ్బ తగ్గిస్తుంది’ అని రాయడం సులువు. ఏ కవచమూ లేనివాడు అది తొడిగితే 100 దెబ్బ 90 అవుతుంది, కొద్దిపాటి లాభం. ఇప్పటికే 80 శాతం ఉన్నవాడు తొడిగితే 20 దెబ్బ 10 అవుతుంది, అతని ఆయుష్షు రెట్టింపైనట్టే. అదే కవచం, వెలలో ఇంత తేడా! ఇంకో పది వస్తే అతనికి చావే లేదు.

దీనికి చాలా ఆటలు వాడే విరుగుడు: కవచం పాయింట్లను, ఆ పాయింట్లకు ఒక స్థిరాంకం కలిపిన మొత్తంతో భాగించడం. స్థిరాంకం 1000 అనుకోండి. 1000 కవచానికి 50 శాతం, 2000కు దాదాపు 67 శాతం, 3000కు 75 శాతం. శాతం పెరుగుదల తగ్గుతున్నట్టు కనిపిస్తుంది కానీ 10,000 ప్రాణం ఉన్నవారు తట్టుకోగల మొత్తం దెబ్బ వరుసగా 20,000, 30,000, 40,000. ప్రతి వెయ్యి కవచానికీ సమానమైన లాభం. పైన ఒక హద్దు కూడా పెట్టండి. వార్‌క్రాఫ్ట్ 75 శాతం దగ్గర ఆపింది.

సాయం చేసే సపోర్ట్ పాత్రకు లెక్క ఇంకా మెలికగా ఉంటుంది. ఒక డీపీఎస్ విలువ 100 అనుకుంటే, అతని చోట వచ్చే సపోర్ట్ కూడా మొత్తమ్మీద 100 తేవాలి, లేదంటే ఎవరూ పిలవరు. సొంతంగా 60 కొట్టి, జట్టులోని మరో ఇద్దరు డీపీఎస్‌ల బలాన్ని 20 శాతం పెంచితే 60, 40 కలిసి సరిగ్గా వంద. బాగుంది. ఇదే సపోర్ట్‌ను ఆరుగురు డీపీఎస్‌లున్న పెద్ద దాడికి తీసుకువెళ్లండి: 60కి 120 కలిపి 180. ఇక ఆ పాత్ర లేని దాడి ఉండదు, సపోర్ట్ ఆడేవారి మీద ఒత్తిడి మొదలవుతుంది. బలం పెంచే మంత్రం ఎంతమందికి తగలాలో లెక్కగా కట్టేయండి. ఒకే రకం మంత్రాలు ఒకదానిపై ఒకటి పేరుకోకుండా చూడండి. వార్‌క్రాఫ్ట్ 2008లో ఇలాంటి మంత్రాలను చాలా క్లాసులకు (యోధుడు, మాంత్రికుడు వంటి రకాలకు) పంచి, దాడి మొత్తానికి వర్తింపజేసి, క్లాసును కాక మనిషిని చూసి పిలుచుకునే వీలు కల్పించింది. మంచి పనే. దానివల్ల క్లాసుల మధ్య తేడా పలచబడిందన్న ఫిర్యాదూ నిజమే. రెండూ ఒకేసారి దక్కవు, ఏది కావాలో మీరే తేల్చుకోవాలి.

ఆరో అడుగు: తాళం ఎంత గట్టిగా వేయాలి

1997లో వచ్చిన అల్టిమా ఆన్‌లైన్‌లో క్లాసులే లేవు. మొదట్లో ఒక్కో నైపుణ్యం 100 దాకా పెరిగేది, మొత్తం 700 దాటకూడదు. రొట్టెలు కాల్చే మాంత్రికుడిగానో, దొంగతనం తెలిసిన వైద్యుడిగానో ఎలాగైనా ఉండవచ్చు. ఆచరణలో మాత్రం పోరాడేవారు కొన్ని మూసల చుట్టూ చేరారు. మంత్రమూ ఆయుధమూ రెండూ పట్టిన ట్యాంక్ మేజ్ అందులో పేరుమోసింది. పూర్తి స్వేచ్ఛ ఇస్తే ఆటగాళ్లు లెక్కలు వేసి ఉత్తమమైనదాన్ని కనిపెడతారు, మిగతావి వినోదానికి మిగులుతాయి.

2012లో గిల్డ్ వార్స్ 2 మరో వైపు వెళ్లింది. ప్రత్యేక హీలర్ వద్దు, ఎవరి ప్రాణం వారే చూసుకోవాలి. జట్టు కోసం హీలర్ వచ్చేదాకా కూర్చునే బాధ తప్పింది. కాని గుహల్లో పోరు అందరూ ఒకచోట గుమిగూడి వేగంగా కొట్టేయడంగా మారిపోయింది. 2015లో పది మంది దాడులు పెట్టినప్పుడు హీలర్ మళ్లీ వచ్చి చేరాడు. ఫైనల్ ఫాంటసీ 14 పద్ధతి నాకు అన్నిటిలో నచ్చుతుంది: ఒకే మనిషి అన్ని వృత్తులూ నేర్చుకోవచ్చు, ఆయుధం మారిస్తే పాత్ర మారుతుంది, పోరు మధ్యలో మాత్రం మార్చలేరు. అంటే పోరులోపల తాళం, బయట స్వేచ్ఛ. స్నేహితుల బృందంలో ఈ రోజు హీలర్ రాకపోతే మరొకరు హీలర్ కావచ్చు. చిన్న బృందంతో ఆట తయారుచేసేవారు ఇక్కడి నుంచే మొదలుపెట్టడం మేలు. మొదటి ఏడాది మీ దగ్గర ఆటగాళ్లు తక్కువ, ప్రతి తాళమూ ఒక జట్టును కుదరకుండా చేస్తుంది.

ఏడో అడుగు: కత్తి పట్టనివారి పాత్రలు

అల్టిమా ఆన్‌లైన్‌లో బ్రిటన్ నగరపు కొలిమి దగ్గర కమ్మరి ఆటగాళ్లు నిలబడి ఇతరుల ఆయుధాలు బాగుచేసేవారు. అక్కడ ఒక సమాజం ఏర్పడటానికి కారణం ఆయుధాలు అరిగిపోవడమే. వస్తువు అరగకపోతే కమ్మరికి పని లేదు. ఒక్కో ఆటగాడూ అన్ని చేతిపనులూ తానే నేర్చుకోగలిగితే, ఇంకొకరి దగ్గరికి వెళ్లే అవసరం తగ్గుతుంది. పోరులో నేను మెచ్చుకున్న స్వేచ్ఛే ఇక్కడ కమ్మరి కడుపు కొడుతుంది. కాబట్టి చేతిపనుల్లో మాత్రం కాస్త గట్టి తాళం వేయండి.

డబ్బు సంగతికి వస్తే, ఆటలో బంగారం శత్రువులను చంపినప్పుడల్లా శూన్యం నుంచి పుడుతుంది. గంటకు సగటున ఎంత పుడుతోంది, ఎంత మాయమవుతోంది అన్న రెండు అంకెలు మీ ముందు ఎప్పుడూ ఉండాలి. వేలంలో కోత, మరమ్మతు ఖర్చు, ప్రయాణ రుసుము ఇవన్నీ మాయం చేసే దారులు. ఒక ఆటగాడి నుంచి మరొకరికి చేతులు మారినది మాయమైనట్టు కాదు, కొత్తవారు తరచూ ఇక్కడే పొరబడతారు. సంత మరీ సులువైనా చిక్కే. డయాబ్లో 3 వేలం మార్కెట్‌ను 2014 మార్చిలో మూసేశారు. రాక్షసులను చంపి వస్తువులు సంపాదించడమే ఆట అయినప్పుడు, వాటిని కూర్చున్న చోట కొనుక్కోగలిగితే ఇక చంపడమెందుకు?

ఎనిమిదో అడుగు: ఆట పాడుచేసేవాడి కళ్లతో చూడండి

1978లో ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షాతో కలిసి తొలి మడ్ ఆటను (చాలామంది కలిసి ఆడే, అక్షరాలతోనే నడిచే ఆట) రూపొందించిన రిచర్డ్ బార్టిల్, 1996లో ఆటగాళ్లను నాలుగు రకాలుగా చూశాడు: సాధించేవారు, అన్వేషించేవారు, కబుర్ల కోసం వచ్చేవారు, ఇతరులను వేటాడేవారు. ఈ నాలుగింటిని నాలుగు క్లాసులుగా చేయకండి, అవి వచ్చినవారి ఉద్దేశాలు. మీ ప్రతి వ్యవస్థనూ నాలుగో రకం మనిషికి ఇచ్చి ఏం చేస్తాడో చూడండి.

2005 సెప్టెంబరులో వార్‌క్రాఫ్ట్‌లో ఒక రాక్షసుడు వేసే అంటురోగం, కరప్టెడ్ బ్లడ్, ఆ గుహలోనే ఉండిపోవాలి. వేటగాళ్ల పెంపుడు జంతువులకు సోకిన రోగాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. నగరంలో జంతువును మళ్లీ పిలవగానే రోగం బయటికి వచ్చింది. వీధులు అస్థిపంజరాలతో నిండిపోయాయి. వైద్యం చేయడానికి పరుగెత్తినవారు, ఊరు వదిలి పారిపోయినవారు, కావాలని అంటించినవారు అందరూ కనిపించారు. తర్వాత అంటురోగాల పరిశోధకులు దాని గురించి పత్రాలు రాశారు. మీరు నేర్చుకోవలసింది చిన్న విషయం: ఏ దుష్ప్రభావమైనా ప్రాంతం దాటేటప్పుడు ఆటగాడి నుంచి, అతని జంతువు నుంచి, వాహనం నుంచి తొలగిందో లేదో పరీక్షించండి.

తొమ్మిదో అడుగు: బొమ్మలు లేకుండా ఆడించండి

మొదటి పరీక్షకు రంగు గుండ్రాలు చాలు. ఒక గది, ఒక శత్రువు, నలుగురు ఆటగాళ్లు. ముందు పూర్తి జట్టుతో ఆడించండి. తర్వాత ఒక్కో పాత్రను తీసేసి ఆడించి, ఎక్కడ ఆగారో రాసుకోండి. ఎవరిని తీసినా ఒకే చోట ఆగితే ఆ పాత్రలు కలిసిపోయాయని అర్థం. ఒకరిని తీసినా ఆగకుండా గెలిచేస్తే ఆ పాత్రకు ఇంకా పని దొరకలేదు. పరీక్షకులను ‘నచ్చిందా’ అని అడగకండి, మర్యాదకు నచ్చిందంటారు. ‘చివరి పోరులో మీరు ఎవరి కోసం ఎదురుచూశారు’ అని అడగండి.

విడుదల తర్వాత అంకెలు మార్చక తప్పదు. ఒకసారికి ఒకటే మార్చండి, కారణం రాయండి. అదే మార్పును ఎలా చెబుతారన్నది కూడా లెక్కలోకి వస్తుంది. వార్‌క్రాఫ్ట్ పరీక్షల దశలో ఎక్కువసేపు ఆడినవారికి అనుభవ పాయింట్లు సగానికి తగ్గించే ఆలోచన చేస్తే ఆటగాళ్లు మండిపడ్డారు. విశ్రాంతి తీసుకున్నవారికి రెట్టింపు అని తిప్పి చెప్పాక అదే లెక్కను వరంగా స్వీకరించారు. మరోవైపు స్టార్ వార్స్ గెలాక్సీస్ 2005 నవంబరులో ముప్పైకి పైగా ఉన్న వృత్తులను తొమ్మిదికి కుదించింది. ఏళ్ల తరబడి పెంచుకున్న వృత్తి ఒక్క అప్‌డేట్‌తో మాయమైనవారు క్షమించలేదు, చాలామంది వెళ్లిపోయారు. మీరు ఏ పాత్ర బలాన్నైనా తగ్గించిన రోజే, ఆ పాత్ర ఆడేవారు తమ పాయింట్లను మరోచోట పెట్టుకునేందుకు ఉచిత రీసెట్ ఇవ్వండి. దాన్ని అడిగినవారికి కాకుండా అందరికీ, కనీసం రెండు వారాలపాటు తెరిచి ఉంచండి.